సార్వా, దాళ్వా, మడ అడవి: డెల్టాలో హరితగృహ వాయువుల లెక్కకు ఏ పద్ధతి ఎంచుకోవాలి

గోదావరి డెల్టాలో ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘం దాళ్వా (రబీ) వరి చేలను తడి-పొడి పద్ధతిలో, అంటే మధ్య మధ్య ఆరబెడుతూ సాగు చేస్తామన్నా, కాకినాడ వైపు ఒక గ్రామ కమిటీ పాడుబడిన రొయ్యల చెరువుల్లో మడ మొక్కలు నాటుతామన్నా, డబ్బు పెట్టేవాళ్లు మొదట అడిగేది ఒక్కటే: దీనివల్ల హరితగృహ వాయువులు ఎన్ని టన్నులు తగ్గుతాయి? ఈ ప్రశ్నకు జవాబు కట్టడానికి చేతిలెక్క మొదలుకొని చేలో పెట్టెలు పెట్టి గాలిని పట్టి కొలవడం దాకా చాలా దారులున్నాయి. వాటిలో ఏది పట్టుకోవాలో తేలక ఆగిపోయినవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఏ సాధనం వాడారన్నదానికంటే, చేలో నీరు ఎన్ని రోజులు నిలిచింది, గడ్డి ఏమైంది అన్న రెండు గడులను ఎంత నిజాయతీగా నింపారన్నదే జవాబును ఎక్కువగా మారుస్తుంది. కాబట్టి సాధనాల గుణదోషాలు చెబుతూనే ఆ రెండు గడుల దగ్గరికి మళ్లీ మళ్లీ వస్తాను.

## ఎంచుకునే ముందు తేల్చుకోవలసినవి

మొదటిది, ఈ లెక్కను చదివేది ఎవరు అన్న ప్రశ్న. సంఘం తన తీర్మానం కోసం వేసుకునే అంచనాకు, బ్యాంకుకో అంతర్జాతీయ నిధికో ఇచ్చే ప్రతిపాదనకు, కార్బన్ క్రెడిట్లుగా అమ్ముకునే టన్నుకు కావలసిన ఖచ్చితత్వం ఒకటి కాదు. మొదటిదానికి రెండు రోజుల పని చాలు. చివరిదానికి ఏళ్ల తరబడి రికార్డులు, బయటి తనిఖీ తప్పవు. ఈ తేడా గుర్తించకపోతే చిన్న పనికి పెద్ద ఖర్చు పెట్టడమో, పెద్ద హామీకి చిన్న లెక్క చూపించి తర్వాత చిక్కుల్లో పడడమో జరుగుతుంది.

రెండోది ఆధార స్థితి, అంటే ప్రాజెక్టు రాకపోయి ఉంటే ఆ నేల మీద ఏం జరిగేదన్న ఊహ. తగ్గింపు అనేది ఎప్పుడూ రెండు అంకెల మధ్య తేడాయే కాబట్టి, మొదటి అంకెను పెంచి చూపితే తగ్గింపు దానంతటదే పెరుగుతుంది. డెల్టాలో ఈ పొరపాటు చాలా సులభంగా జరుగుతుంది. వరి అనగానే చేను పంటకాలమంతా నీళ్లలోనే ఉంటుందని పట్టికలో రాసేస్తాం. ధవళేశ్వరం ఆనకట్టకు దగ్గరగా ఉన్న ఎగువ భూముల్లో అది నిజమే కావచ్చు గాని, దాళ్వాలో వంతుల వారీగా నీరు వదిలే రోజుల్లో శివారు ఆయకట్టు చేలు పంట మధ్యలో ఒకటి రెండుసార్లయినా ఆరిపోతూనే ఉంటాయి. మేము కోనసీమ శివారులో తొలిసారి లెక్క వేసినప్పుడు నిరంతరం నీరు నిలుస్తుందన్న ఆధారమే తీసుకున్నాం. తర్వాత ఒక పెద్దాయన తన వంతుల పుస్తకం తెచ్చి, రెండు వంతుల మధ్య చేను నెర్రెలు తీసిన రోజులను వేలితో చూపించారు. ప్రాజెక్టు తగ్గిస్తుందని మేము రాసుకున్న టన్నుల్లో పెద్ద భాగం కాలువ నీటి కొరతే ఏనాడో తగ్గించేసిందని అప్పుడు అర్థమైంది. ఆ లెక్కను మళ్లీ మొదటినుంచి వేశాం.

మూడోది, ఏ వాయువులు, ఏ నిల్వలు లెక్కలోకి వస్తాయన్నది. వరి చేలో ప్రధానమైనది మీథేన్. నేలను ఆరనిస్తే అది తగ్గుతుంది, కానీ అదే సమయంలో యూరియాలోని నత్రజని నుంచి నైట్రస్ ఆక్సైడ్ కొంత పెరుగుతుంది. మడ అడవిలో చెట్టులోని కర్బనం కంటే బురదలోని కర్బనం ఎక్కువ. ఒకదాన్ని లెక్కించి రెండోదాన్ని వదిలేసే సాధనం ఎంత సులువుగా ఉన్నా పనికిరాదు. నాలుగోది, జవాబుతోపాటు దాని హెచ్చుతగ్గుల హద్దులను కూడా ఆ పద్ధతి చెబుతుందా లేదా. ఐదోది ఖర్చు, సమయం, పని చేసే మనుషులు. దీని గురించి విడిగా చెప్పనక్కర్లేదు, పట్టికలో చూపించాను.

## చేతిలెక్క: ఐపీసీసీ గుణకాలతో

వాతావరణ మార్పులపై పనిచేసే అంతర్‌ప్రభుత్వ సంఘం ఐపీసీసీ 2006లో ఇచ్చిన మార్గదర్శకాలు, 2013లో చిత్తడి నేలల కోసం ఇచ్చిన అనుబంధం, 2019లో చేసిన సవరణలు ఈ రంగంలోని దాదాపు అన్ని సాధనాలకూ పునాది. వాటిలోని మొదటి అంచె పద్ధతిలో ప్రపంచం మొత్తానికో ఒక ప్రాంతానికో సగటుగా తీసిన గుణకాలు ఉంటాయి. వాటిని మన విస్తీర్ణంతో, రోజులతో గుణిస్తే చాలు. కాగితం, పెన్ను, ఒకటి రెండు రోజుల తీరిక ఉంటే ఎవరైనా చేయగలరు. ఏ సాధనం ఎంచుకున్నా ముందు ఈ చేతిలెక్క వేసుకోమని నేను గట్టిగా చెబుతాను. తర్వాత కంప్యూటరు ఇచ్చిన జవాబు ఎందుకలా వచ్చిందో తెలియాలంటే ఇదొక్కటే మార్గం.

ఒక హెక్టారు దాళ్వా చేనును తీసుకుందాం. 2019 సవరణ ప్రకారం దక్షిణ ఆసియాలో నిరంతరం నీరు నిలిచే, సేంద్రియ పదార్థం కలపని చేను రోజుకు హెక్టారుకు 0.85 కిలోల మీథేన్ వదులుతుంది. పంటకాలం 115 రోజులనుకుంటే 97.75 కిలోలు. మీథేన్‌కు వందేళ్ల కాలానికి 28 రెట్ల వేడి శక్తి కడితే, అది 2,737 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. పంటకాలంలో చేనును పలుమార్లు ఆరబెడితే 0.55తో గుణించాలి. అప్పుడు 1,505 కిలోలు, తగ్గింపు 1,232 కిలోలు. హెక్టారుకు 120 కిలోల నత్రజని వేశారనుకుంటే, ఆరబెట్టడం వల్ల నైట్రస్ ఆక్సైడ్ గుణకం 0.003 నుంచి 0.005కు పెరుగుతుంది కాబట్టి దాదాపు 100 కిలోలు తిరిగి కలపాలి. నికరంగా మిగిలేది 1,132 కిలోలు, అంటే ఎకరాకు 460 కిలోల లోపు. కార్బన్ క్రెడిట్ల మాట విని ఎకరాకు టన్నుల కొద్దీ ఆశించే రైతుకు ఈ అంకె మొదటి రోజే చెప్పాలి.

ఇప్పుడు గడ్డి సంగతి. సార్వా (ఖరీఫ్) మాసూళ్లు అయ్యాక దాళ్వా ఊడ్పులకు మధ్య మనకు దొరికే వ్యవధి చాలా తక్కువ. కోత మిషను వదిలిన గడ్డిని, కొయ్యకాళ్లను తీసే తీరిక లేక దమ్ములో కలిపేస్తాం. నాటడానికి నెల రోజుల లోపు హెక్టారుకు 3 టన్నుల ఎండుగడ్డి నేలలో కలిస్తే, ఐపీసీసీ సూత్రం ప్రకారం మీథేన్ 2.27 రెట్లవుతుంది. 2,737 కాస్తా 6,200 కిలోలకు చేరుతుంది. గడ్డిలో ఎక్కువ భాగం పశువులకో బయటికో తరలించి, టన్ను మాత్రమే నేలలో కలిస్తే 4,120 కిలోల దగ్గర ఆగుతుంది. అంటే నీటి జోలికి పోకుండా గడ్డిని తరలిస్తేనే 2,000 కిలోలకు పైగా తగ్గుతుంది. ఇది మొదటి లెక్కలో ఆరబెట్టడం ఇచ్చిన తగ్గింపు కంటే ఎక్కువ. మరో సంగతి గమనించండి. గడ్డి 3 టన్నులు కలిసిన చేనునే ఆధారంగా తీసుకుంటే, ఆరబెట్టడం వల్ల వచ్చే తగ్గింపు కూడా 2,790 కిలోలకు పెరుగుతుంది. అదే చేను, అదే నీరు, అదే గుణకం. గడ్డి గడిలో సున్నా రాశామా, మూడు రాశామా అన్నదాని మీద జవాబు రెట్టింపు దాటింది.

సార్వాకు వస్తే కథ వేరు. ఏప్రిల్ తర్వాత కాలువలు కట్టేస్తారు, జూన్‌లో గాని నీరు రాదు. ఆ వేసవిలో నేల ఎండి ఉంటుంది. ఎండిన నేలలో నెలకు పైగా ముందే గడ్డి కలిస్తే దాని గుణకం 1 నుంచి 0.19కి పడిపోతుంది. జీలుగ, జనుము వంటి పచ్చిరొట్టకు 0.45, పశువుల ఎరువుకు 0.21, కంపోస్టుకు 0.17. కానీ సార్వాలో చేనును కావాలని ఆరబెట్టడం డెల్టా పల్లపు భూముల్లో దాదాపు అసాధ్యం. వానలు మన చేతిలో లేవు, మురుగు కాలువలు పూడి ఉంటాయి, ముంపు నీరు బయటికి పోవడానికే రోజులు పడుతుంది. అందుకే రెండు పంటలకూ తడి-పొడి పద్ధతి అమలు చేస్తామని రాసిన ప్రతిపాదన కనబడితే, సార్వా వరసను కొట్టేయడం మంచిది.

చేతిలెక్క బలహీనత దాని హద్దుల్లో ఉంది. ఆ 0.85 అనే అంకె 0.58 నుంచి 1.26 దాకా ఎక్కడైనా ఉండవచ్చని ఐపీసీసీయే చెబుతోంది. అంటే మన 2,737 కిలోలు నిజానికి 1,870 నుంచి 4,060 మధ్య ఏదైనా కావచ్చు. మన నల్లరేగడి ఒండ్రుకూ, తీరం వెంబడి ఉన్న ఇసుక నేలకూ, ఉప్పు తగిలిన చౌడుకూ ఒకే అంకె వాడుతున్నామన్న ఎరుక ఉండాలి. పొలానికి పొలానికి పోల్చడానికి ఈ పద్ధతి పనికిరాదు. ఒక పద్ధతికీ మరో పద్ధతికీ మధ్య తేడా ఏ దిశలో, ఏ పరిమాణంలో ఉంటుందో చెప్పడానికి బాగా పనికొస్తుంది.

## ఎక్స్-యాక్ట్

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ తయారు చేసిన ఉచిత సాధనం ఇది. వరి, ఇతర పంటలు, పశువులు, ఎరువులు, ఇంధనం, అడవులు, తీరపు చిత్తడి నేలలు, చేపల పెంపకం అన్నీ ఒకే ఎక్సెల్ పుస్తకంలో ఉంటాయి. ప్రాజెక్టు ఉన్నప్పుడు, లేనప్పుడు అని రెండు నిలువు వరసలు నింపాలి. అమలు కాలం, ఆ తర్వాత ఫలితం నిలిచే కాలం కలిపి మామూలుగా 20 ఏళ్లకు జవాబు వస్తుంది. లోపలున్నవి ఎక్కువగా ఐపీసీసీ గుణకాలే. స్థానికంగా కొలిచిన అంకెలుంటే వాటిని చొప్పించే వీలూ ఉంది.

దీని అసలు విలువ మిశ్రమ ప్రాజెక్టుల్లో తెలుస్తుంది. ఒక మండలంలో దాళ్వా నీటి యాజమాన్యం, కొబ్బరి తోటల్లో కోకో అంతరపంట, తీరాన సరుగుడు, క్రీక్ ఒడ్డున మడ మొక్కలు కలిపి ఒకే ప్రతిపాదనగా వెళితే, వేర్వేరు చోట్ల వేర్వేరు సూత్రాలతో కట్టిన లెక్కలను కలపడం కష్టం. ఎక్స్-యాక్ట్ వాటన్నిటినీ ఒకే కొలమానం మీదికి తెస్తుంది. ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి ఐఫాడ్ వంటి సంస్థల ప్రాజెక్టుల్లో వాడిన సాధనం కాబట్టి, నిధులిచ్చేవారికి దీని భాష తెలుసు.

ఇబ్బంది ఏమిటంటే, ఒక్కొక్క గడిలో ఎంపికలు ముందే సిద్ధంగా ఉండడం వల్ల ఆలోచించకుండా నొక్కే ప్రమాదం ఎక్కువ. 20 ఏళ్ల మొత్తం తెర మీద పెద్ద అంకెగా కనిపిస్తుంది. దాన్ని ఏటా హెక్టారుకు మార్చి చూడకపోతే చిన్న పని కూడా ఘనకార్యంలా తోస్తుంది. పైగా ఇది ముందస్తు అంచనాకు చేసిన సాధనం. పని జరిగాక నిజంగా ఎంత తగ్గిందో నిరూపించడానికి చేసింది కాదు.

## కూల్ ఫార్మ్ టూల్

యూనిలివర్, అబర్దీన్ విశ్వవిద్యాలయం కలిసి మొదలుపెట్టిన ఈ సాధనాన్ని ఇప్పుడు కూల్ ఫార్మ్ అలయన్స్ నడుపుతోంది. రైతులకు ఉచితం, ఆన్‌లైన్‌లో నింపుకోవచ్చు. ఒక పొలం, ఒక పంట, ఒక ఏడాది దీని పరిధి. ఎరువులు, నీరు, గడ్డి, డీజిలు, దిగుబడి వివరాలు ఇస్తే ఎకరాకూ, టన్ను ధాన్యానికీ ఉద్గారాలు ఎంతో చెబుతుంది.

టన్నుకు ఎంత అన్న ఆ జవాబు మిల్లరుకు, ఎగుమతిదారుకు అవసరం. రైతుకు కూడా ఒక విధంగా ఉపయోగమే. దిగుబడి పడిపోకుండా మీథేన్ తగ్గించాడా లేదా అన్నది ఎకరా లెక్కలో కనిపించదు, టన్ను లెక్కలోనే కనిపిస్తుంది. అయితే ప్రాంతం మొత్తానికి, ఇరవై ఏళ్లకు, అడవికి ఇది సరిపోదు. యాభైమంది రైతుల చేత నింపించాలంటే ప్రతి ఒక్కరి పక్కన కూర్చునే మనిషి కావాలన్నది కూడా ఖర్చులో కలుపుకోవాలి.

## నమూనాలు, పెట్టెలు

నేలలో సూక్ష్మజీవుల పనిని రోజువారీగా అనుకరించే కంప్యూటరు నమూనాల్లో వరికి బాగా వాడుకలో ఉన్నది డీఎన్‌డీసీ. చాంగ్‌షెంగ్ లీ న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో 1990ల తొలినాళ్లలో దీన్ని రూపొందించారు. రోజువారీ ఉష్ణోగ్రత, వర్షం, నేలలోని బంకమన్ను శాతం, సేంద్రియ కర్బనం, ఎరువు వేసిన తేదీలు, నీరు పెట్టిన తేదీలు అన్నీ అడుగుతుంది. అవన్నీ ఇచ్చినా, స్థానికంగా కొలిచిన వాయువుల అంకెలతో సరిచూడకపోతే దాని జవాబును నమ్మడానికి లేదు. మార్టేరు వరి పరిశోధన స్థానం వంటి చోట ప్రయోగాలు చేసే విద్యార్థికి ఇది తగిన దారి. గ్రామ సంఘానికి కాదు.

ఇక ప్రత్యక్ష కొలత. చేలో వరి దుబ్బుల మీద గాలి చొరబడని పారదర్శక పెట్టెను బోర్లించి, సున్నా, పది, ఇరవై, ముప్పై నిమిషాల దగ్గర సిరంజితో గాలి తీసి, ప్రయోగశాలలో గ్యాస్ క్రొమాటోగ్రాఫ్ మీద మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ పరిమాణాలు చూస్తారు. వాటి పెరుగుదల వేగమే ఉద్గారం. పంటకాలమంతా కనీసం వారానికోసారి చేయాలి. నీరు తీసిన రోజుల్లో, యూరియా వేసిన తర్వాత మరింత తరచుగా చేయాలి. నైట్రస్ ఆక్సైడ్ ఆ కొద్ది రోజుల్లోనే ఉప్పెనలా వచ్చి పోతుంది. వారపు కొలతల మధ్య అది జారిపోతే లెక్క మొత్తం తప్పుతుంది. పెట్టె పెట్టేటప్పుడు గట్టు మీది నుంచి గాక చేలో నడిచి వెళితే, కాలి ఒత్తిడికి బురదలోని బుడగలు పైకి వచ్చి మీథేన్‌ను ఎక్కువగా చూపిస్తాయి. అందుకే ముందుగానే చెక్క బల్లలు వేసి ఉంచుతారు.

ఇంత శ్రమా పడ్డాక వచ్చేది ఆ కొన్ని చదరపు మీటర్ల నిజం. దాన్ని వెయ్యి ఎకరాలకు విస్తరించాలంటే మళ్లీ నేలలవారీగా, నీటివారీగా వర్గాలు చేసి, ఒక్కో వర్గంలో మూడు నాలుగు చోట్ల పెట్టెలు పెట్టాలి. అయినా నేను దీన్ని తక్కువ చేయను. ఒక్క సంఘం భరించలేని ఈ ఖర్చును పది సంఘాలు కలిసి పరిశోధన స్థానంతో పంచుకుంటే, ఎగువ, మధ్య, శివారు భూములకు మూడు స్థానిక గుణకాలు తయారవుతాయి. ఆ మూడు అంకెలు దొరికిన రోజున ఎక్స్-యాక్టులోనూ చేతిలెక్కలోనూ 0.85 స్థానంలో మన సొంత అంకె రాసుకోవచ్చు.

## కార్బన్ మార్కెట్ పద్ధతులు

వెర్రా, గోల్డ్ స్టాండర్డ్ వంటి నమోదు సంస్థల పద్ధతులు లెక్క కట్టే సాధనాలు మాత్రమే కావు, అవి నిబంధనల పుస్తకాలు. ఆధార స్థితిని ఎలా నిరూపించాలి, క్రెడిట్ల డబ్బు లేకపోతే ఈ పని జరిగేది కాదని ఎలా చూపాలి, రికార్డులు ఎన్నేళ్లు దాచాలి, ఎవరు తనిఖీ చేయాలి అన్నవన్నీ వాటిలో ఉంటాయి. వరికి చాలాకాలం ఐక్యరాజ్యసమితి క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజంలోని చిన్న ప్రాజెక్టుల పద్ధతినే వాడారు. వెర్రా 2023లో దాని వాడకాన్ని ఆపేసింది. 2024లో చైనాలోని 37 వరి ప్రాజెక్టులను తిరస్కరించింది. గోల్డ్ స్టాండర్డ్ 2023లో, వెర్రా 2025లో వరికి కొత్త పద్ధతులు తెచ్చాయి. వెర్రా తెచ్చిన దాని పేరు వీఎం 0051. పాత పద్ధతి మీద తయారుచేసిన పత్రాలను చేతపట్టుకుని ఇప్పుడు ఎవరైనా ఊళ్లోకి వస్తే, ఏ పద్ధతి, ఏ సంవత్సరపు ప్రతి అని అడగడం రైతు హక్కు.

ఈ దారిలో తనిఖీ, నమోదు, పర్యవేక్షణ ఖర్చులు ఎకరాల సంఖ్యతో పెద్దగా మారవు. అందుకే కొన్ని వందల ఎకరాలకు ఇది గిట్టదు. వేల ఎకరాలు కలిస్తే గిట్టవచ్చు. ఎకరాకు 460 కిలోల అంకెను మరొకసారి గుర్తుచేసుకుని, దానిలోంచి ఈ ఖర్చులు, మధ్యవర్తి వాటా తీసేశాక మిగిలేదేమిటో సంతకానికి ముందే కాగితం మీద రాయించుకోవాలి.

## మడ అడవి, సరుగుడు, చేపల చెరువు

చెట్ల లెక్క వరి కంటే నెమ్మదైనది గాని, ఒక విధంగా తేలికైనది. చెట్టు కదలదు, టేపుతో కొలవవచ్చు. ఛాతీ ఎత్తున, అంటే నేల నుంచి 1.3 మీటర్ల దగ్గర చుట్టుకొలత తీసి వ్యాసం రాబట్టి, కర్ర సాంద్రతతో కలిపి కోమియామా సూత్రంలో వేస్తే మడ చెట్టు నేలపై భాగపు బరువు వస్తుంది. ఆ సూత్రంలో వ్యాసానికి 2.46 ఘాతం ఉంది. అందుకే 8 సెంటీమీటర్ల మడ చెట్టు సుమారు 27 కిలోలుంటే, 16 సెంటీమీటర్లది 150 కిలోల దాకా తూగుతుంది. లావు రెట్టింపైతే బరువు అయిదున్నర రెట్లన్నమాట. కొలతలో చిన్న తప్పు జవాబులో పెద్ద తప్పవుతుంది. నల్ల మడ, తెల్ల మడ, తిల్ల చెట్లు మొదలు దగ్గరే చీలి అనేక కాండాలుగా పెరిగిన చోట, ఒక్కో కాండాన్నీ విడిగా కొలవాలన్న నియమం కొలిచేవారందరికీ ముందే నేర్పాలి.

కొలతలు లేకుండా గుణకాలతోనే నడుద్దామంటే మడకు ఒక పెద్ద చిక్కు ఉంది. 2013 అనుబంధంలో మడ చెట్ల వార్షిక పెరుగుదల తేమ ఉష్ణమండలానికి హెక్టారుకు 9.9 టన్నులు, పొడి ఉష్ణమండలానికి 3.3 టన్నులు. వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడే మన తీరం ఈ రెంటిలో దేనికీ చక్కగా ఇమడదు. వేళ్లు కలిపి, కర్బనం 45.1 శాతంగా తీసుకుంటే మొదటిది ఏటా 24 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను, రెండోది 7 టన్నులనే చూపుతుంది. మెనూలో ఒక్క ఎంపికతో మూడు రెట్లకు పైగా తేడా వస్తుంది. నా సలహా పొడి మండలం అంకెనే తీసుకోమని. పెద్ద అంకె కావాలంటే కాకినాడ దగ్గరి కోరింగలో ఇదివరకు నాటిన వయసు తెలిసిన మడ తోటలో పది చోట్ల కొలిచి నిరూపించుకోవాలి. అక్కడ 1978లో ఏర్పడిన అభయారణ్యం, కాలువలు చేపముల్లు ఆకారంలో తవ్వి నాటిన పాత తోటలు మనకు అందుబాటులో ఉన్న కొలమానాలు. అనుమతి అటవీ శాఖ నుంచి తీసుకోవాలి.

బురద సంగతి మరచిపోకూడదు. అదే అనుబంధం ప్రకారం మడ నేలలో మీటరు లోతు వరకు హెక్టారుకు సగటున 386 టన్నుల కర్బనం ఉంటుంది, అంటే 1,400 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్. కొత్తగా నాటిన చోట నేలలో ఏటా 1.62 టన్నుల కర్బనం చేరుతుందని, నీరు తీసి ఎండగట్టిన చోట ఏటా 7.9 టన్నులు పోతుందని గుణకాలు చెబుతున్నాయి. నాటి కూడబెట్టేదానికంటే ఎండగట్టి పోగొట్టేది దాదాపు అయిదు రెట్లు వేగం. కాబట్టి ఉన్న మడను చెరువుల కోసం తవ్వకుండా ఆపే ప్రాజెక్టుకు, కొత్తగా నాటే ప్రాజెక్టుకు ఒకే సాధనంతో విడివిడిగా లెక్క వేసి చూడాలి. ఉప్పుదనం కూడా కొలవాలి. నీటిలో లవణం లీటరుకు 18 గ్రాములకు పైన ఉంటే మీథేన్ సున్నాగా తీసుకుంటారు. గోదావరి మంచినీరు కలిసే చోట అంతకంటే తగ్గితే హెక్టారుకు ఏటా 194 కిలోల మీథేన్ కలపాలి. వరదల నెలల్లో ఒక్కసారి, వేసవిలో ఒక్కసారి కొలిస్తే అసలు సంగతి తెలుస్తుంది.

సరుగుడు గురించి ఒక్క మాట చాలు. నాలుగైదేళ్లకు కోసి కాగితపు గుజ్జుకో వాసాలకో అమ్మే తోటకు, కోత నాటి నిల్వను చూపకూడదు. నాటిన రోజు నుంచి కోత వరకు సగటు నిల్వనే, అంటే సుమారుగా సగాన్నే చూపాలి.

పశ్చిమ డెల్టాలో భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల వరి చేనును చెరువుగా మారిస్తే మీథేన్ తప్పుతుంది కదా అని కొందరు అడుగుతుంటారు. 2019 సవరణలో మంచినీటి, కొద్దిగా ఉప్పుండే చెరువులకు హెక్టారుకు ఏటా 183 కిలోల మీథేన్ గుణకం ఉంది. అది 5.1 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. గడ్డి కలపని రెండు పంటల వరి ఇచ్చే 5.5 టన్నులకు అది దగ్గరే. మేతలోని నత్రజని వల్ల వచ్చే నైట్రస్ ఆక్సైడ్‌ను కలిపితే, హెక్టారుకు 8 టన్నుల చేపలు తీసే చెరువు మరో 5.6 టన్నులు చేరుస్తుంది. ఏరేటర్ల కరెంటు, మేత తయారీ ఇంకా లెక్కలోకి రాలేదు. చెరువు ప్రాజెక్టును లాభం కోసం ఎంచుకోవచ్చు గాని, వాయువుల తగ్గింపు పేరుతో ఎంచుకోవడానికి ఈ అంకెలు ఒప్పుకోవు.

## ఒకచోట చూస్తే

| పద్ధతి | జవాబు రూపం | కావలసిన సమాచారం | సమయం, ఖర్చు | తగిన పని |
|---|---|---|---|---|
| చేతిలెక్క | హెక్టారుకు, పంటకు | విస్తీర్ణం, రోజులు, నీరు, గడ్డి, నత్రజని | ఒకటి రెండు రోజులు, ఖర్చు లేదు | తొలి నిర్ణయం, ఇతర లెక్కల సరిచూపు |
| ఎక్స్-యాక్ట్ | 20 ఏళ్లకు, ప్రాజెక్టు ఉంటే ఎంత, లేకుంటే ఎంత | పైవి, ఇంకా భూమి వాడకం, చెట్లు, పశువులు | కొన్ని వారాలు, సాధనం ఉచితం | మిశ్రమ ప్రాజెక్టు, నిధుల ప్రతిపాదన |
| కూల్ ఫార్మ్ టూల్ | ఎకరాకు, టన్ను దిగుబడికి | రైతువారీ సాగు వివరాలు | రైతుకు గంటో రెండో, నింపించే మనిషి | కొనుగోలుదారుకు చూపే లెక్క |
| డీఎన్‌డీసీ | రోజువారీ | వాతావరణం, నేల, తేదీలు, సరిచూసే కొలతలు | నెలలు, నిపుణుడు | పరిశోధన |
| పెట్టెలతో కొలత | ఆ మడికి నిజమైన అంకె | పంటకాలమంతా నమూనాలు, ప్రయోగశాల | రెండు మూడు పంటలు, ఖర్చు ఎక్కువ | స్థానిక గుణకాల తయారీ |
| మార్కెట్ పద్ధతులు | తనిఖీ అయిన టన్ను | పై అన్నిటితోపాటు ఒప్పందాలు, రికార్డులు | ఏళ్లు, ఖర్చు బాగా ఎక్కువ | వేల ఎకరాలు కలిసిన క్రెడిట్లు |

## ఎవరికి ఏది

రైతు సంఘమైతే చేతిలెక్కతో మొదలుపెట్టి, ఎకరాకు వచ్చే అంకె చూశాక ఆగాలో ముందుకెళ్లాలో తేల్చుకోండి. ముందుకెళ్లేదుంటే ఎక్స్-యాక్టుకు వెళ్లే ముందే ఒక దాళ్వా మొత్తం నీటి రికార్డు రాయండి. నేలమట్టానికి 15 సెంటీమీటర్ల దిగువ దాకా నీరు తగ్గిందో లేదో చూడడానికి చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ గొట్టాన్ని చేలో పాతితే చాలు. తేదీ, నీటి ఎత్తు, గడ్డి ఎప్పుడు ఎంత కలిసింది, యూరియా ఎన్ని బస్తాలు అన్న నాలుగు నిలువు వరసలు ఏ సాధనమైనా అడిగేవే.

ధాన్యం కొనే సంస్థ అడిగింది కాబట్టి లెక్క కావాలన్న మిల్లరుకు కూల్ ఫార్మ్ టూల్ సరిపోతుంది. మడ కమిటీకి ఎక్స్-యాక్ట్ ముందస్తు అంచనాకు, టేపు కొలతలు రుజువుకు, రెండూ కావాలి. గుణకాల లెక్కను కొలత స్థానంలో పెట్టవద్దు. విద్యార్థులు, శాస్త్రవేత్తలు పెట్టెల పనిని ఎంచుకోవాలని నా కోరిక. డెల్టాలోని నేలల తేడాలకు తగిన స్థానిక అంకెలే మన లెక్కలన్నిటిలో తక్కువగా ఉన్నవి.

క్రెడిట్ల కంపెనీ ఒప్పందంతో వచ్చిందంటే, లెక్క కంటే ముందు కౌలు సంగతి చూడాలి. డెల్టాలో చేను దున్నేవారిలో చాలామంది కౌలుదార్లే. కౌలు ఏడాది మాట, కార్బన్ ఒప్పందం ఏళ్ల మాట. నీరు ఆరబెట్టేది, గడ్డి తీసేది, గొట్టంలో నీటిమట్టం చూసి పుస్తకంలో రాసేది కౌలు రైతు అయినప్పుడు, సంతకం భూయజమానిదే అయితే డబ్బు ఎవరికి పోతుందో, వచ్చే ఏడాది కౌలు మారితే ఆ రికార్డు ఎవరు రాస్తారో ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. ఆ రెండు వాక్యాలు లేని ఒప్పందం మీద మా దగ్గరికి వచ్చేవారికి నేను సంతకం వద్దనే చెబుతున్నాను.